తీసెయ్యిగారు తోటకెళ్ళిన రోజు

తప్పులుంటే మన్నించండి. నాకు అక్షరాలు వచ్చింది అరవై దాటాక. ఒత్తులు ఇప్పటికీ నా మాట వినవు. ఒక్కో పేజీకి రెండు మూడు రోజులు పట్టింది. ఈ కథలో ఉన్నాయన బతికుంటే ప్రతి ముక్కనీ వెలుతురుకు పట్టి చూసి పక్కకు నెట్టేసేవాడు. అందుకే ఆయన పోయాక మొదలుపెట్టాను.

ఆ ఆదివారం పొద్దున్న తీసెయ్యి గుడ్లు పరీక్షిస్తున్నాడు.

ఉడకబెట్టిన గుడ్లను ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని, కిటికీ వైపు తిప్పి, బొటనవేలి గోటితో చుట్టూ ఒకసారి రాసి, నచ్చినవాటిని కుడిపక్క గిన్నెలో, నచ్చనివాటిని ఎడమపక్క బల్ల మీద పెడుతున్నాడు. పెంకు మీద వెంట్రుకంత చీలిక ఉన్నా ఎడమపక్కే. అన్నీ ఒకే గిన్నెలో ఉడికాయి. అన్నీ ఒకే సంచిలో, ఒకే బస్సులో పోయి మధ్యాహ్నానికి ఒకే కుటుంబం నోళ్ళలో పడతాయి. అయినా సరే. పెట్టిన కోడి కూడా వాటిని అంత శ్రద్ధగా చూసి ఉండదు.

ఇల్లాలు సంచి నోరు తెరిచి పట్టుకుని ఎదురుగా నిలబడింది. పెళ్ళయిన ముప్పై ఆరేళ్ళ నుంచి ఆమె ఏదో ఒక సంచి నోరు తెరిచి పట్టుకునే ఉంది.

"బస్సు వెళ్ళిపోతుందండీ."

"పోతే పోనీ. పగిలిన గుడ్డు తిని రోగం తెచ్చుకుంటారా అందరూ?"

"పొద్దున ఉడుకుతుంటే పగిలింది. నా కళ్ళ ముందే."

"నీ కళ్ళ ముందు కాబట్టే పగిలింది."

ఎడమపక్క గుడ్లు ఇంట్లోనే ఉండిపోయాయి. తోటకి వెళ్ళేది ఆరుగురు, సంచిలోకి వెళ్ళింది నాలుగు గుడ్లు.

అతని ఉద్యోగం జామ్ ఫ్యాక్టరీలో. పొడుగాటి షెడ్డులో రబ్బరు పట్టా ఒకటి కదులుతూ ఉంటుంది. దాని మీద కడిగిన స్ట్రాబెర్రీలు బారులు తీరి వస్తాయి. పట్టాకి ఇటూ అటూ తలలకి గుడ్డలు కట్టుకున్న ఆడవాళ్ళు నిలబడతారు. వాళ్ళ వెనక ఒక అడుగు ఎత్తు చెక్క పీట. ఆ పీట మీద ఇతను. చేతిలో సన్నటి పుల్ల. దెబ్బతిన్న పండు కనపడగానే పుల్లతో చూపించి "తీసెయ్యి" అంటాడు. చెయ్యి తడవదు, నడుం వంగదు. ముప్పై మూడేళ్ళు అదే పని. ఇన్నేళ్ళలో ఫ్యాక్టరీకి మూడుసార్లు రంగులు వేశారు, ఇద్దరు మేనేజర్లు ముసలివాళ్ళై వెళ్ళిపోయారు. అతని పీట మాత్రం అంగుళం కూడా పెరగలేదు.

ఆ పేరు పట్టా దగ్గరి ఆడవాళ్ళు పెట్టిందే. అది ఫ్యాక్టరీ గేటు దాటి వీధిలోకొచ్చింది, వీధిలోంచి చుట్టాల్లోకి పోయింది. ఎదురుగా "తీసెయ్యిగారూ" అని పిలిచి, అటు తిరిగి నోరు మూసుకుని నవ్వేవాళ్ళు. అతనికి అది బిరుదులా వినిపించేది. పిలిస్తే మెడ కాస్త నిటారయ్యేది.

అతను చెప్పుకునే గొప్ప ఇంకొకటి ఉంది. "ఇన్ని వేల బుట్టలు నా కళ్ళ ముందు పోయాయి. ఒక్క పండు నోట్లో వేసుకోలేదు." ఈ మాట ఎవరింటికి వెళ్ళినా చెప్పేవాడు, అడిగినా చెప్పేవాడు, అడగకపోయినా చెప్పేవాడు. విన్నవాళ్ళు ఏమనాలో తెలియక "అబ్బో" అనేవాళ్ళు.

పట్టా ఆదివారాలు ఆగుతుంది, అతను ఆగడు. ఇంట్లో కిటికీ తెరలు, పక్కింటివాళ్ళ మాట తీరు, అల్లుడి జుట్టు, ఇల్లాలి కూనిరాగం, ఏదీ గోరు తగలకుండా పోలేదు. పెద్దమ్మాయి బడికి వెళ్ళే రోజుల్లో ఇల్లాలు ఒకసారి ఆ పిల్ల పలక తీసుకుని, వంటగదిలో గోడకి ఆనుకుని కూర్చుని, అ రాసింది. మర్నాడు మళ్ళీ రాసింది. మూడోరోజు అతను వెనకనుంచి వచ్చి చూశాడు. "పొట్ట చూడు దానికి. తీసెయ్యి" అని తనే అరచేత్తో తుడిచేశాడు. తిట్టలేదు, కొట్టలేదు. తుడిచి, చెయ్యి ప్యాంటుకి రాసుకుని, టీ ఏదని అడిగాడు. ఆమె టీ పెట్టింది. ఆ తర్వాత పలక ముట్టుకోలేదు.

ఇంత చేతకాని మనిషికి ఇంతమంది ఎలా భయపడ్డారో ఆలోచిస్తే ఆమెకి అతని మీదకన్నా తన మీదే ఎక్కువ రోత పుట్టేది. ఇల్లంతా అతని చేతిలో తయారైంది. ఎవరి చేతికి ఏ పండొచ్చినా ముందు తిప్పి చూస్తారు, మచ్చ ఎక్కడుందా అని. అరటిపండు ఒలిచేముందు కూడా మనవరాలు "తాతయ్యా, ఇది మంచిదేనా?" అని అడుగుతుంది. పెద్దల్లుడైతే మరీ. మావగారు ముక్కు చిట్లించకముందే తను చిట్లించి సిద్ధంగా ఉంటాడు.

వీళ్ళందరిలోకీ బాగా నష్టపోయింది చిన్నమ్మాయి. ముప్పై మూడేళ్ళు. ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికించి, మడతపెట్టించే పని. ఆమెను చేసుకుంటామని వచ్చినవాళ్ళను తీసెయ్యి వరసగా తీసేశాడు. ఒకడు చప్పుడు చేస్తూ తిన్నాడు. ఒకడు తను వేసే జోకుకి ముందు తనే నవ్వాడు. ఒకడి సంతకం కిందికి జారింది. ఇంకొకడిలో ఏ లోపమూ దొరకలేదు. అదే అనుమానంగా ఉందన్నాడు.

ఇప్పుడు స్ట్రాబెర్రీ తోటలో పనిచేసే ఒకాయన ఉన్నాడు. రెండేళ్ళ కిందట కొమ్మలు కత్తిరించే కత్తెర జారి ఎడమచేతి వేళ్ళ నరాలు తెగి ఆసుపత్రిలో పదిరోజులున్నాడు. అతని మంచం మీద దుప్పటి మార్చింది చిన్నమ్మాయే. చెయ్యి మానింది కానీ రెండు వేళ్ళు అలాగే వంగిపోయాయి, చాచుకోవు. ఆసుపత్రి నుంచి వెళ్ళిపోయాక కూడా అతను ఆదివారం ఆదివారం వస్తూనే ఉన్నాడు, రోగం ఏమీ లేకుండానే.

"రేపు తోటకెళ్దాం నాన్నా. పళ్ళు కోసుకోనిస్తారు. అక్కడ ఒకాయన్ని చూపిస్తాను" అని చిన్నమ్మాయి శనివారం చెప్పింది. తీసెయ్యి మొహం వెలిగిపోయింది. చూసి చెప్పే పనంటే అతనికి చేటంత మొహం అవుతుంది.

బస్సులో తల్లి పక్కన కూర్చుని చిన్నమ్మాయి మెల్లగా అంది. "అమ్మా, ఇదే ఆఖరు. నాన్న సరేనంటే చేసుకుంటాను. కాదంటే ఇంక ఎవరినీ చూపించను. ఆయన్ని కూడా రావద్దని చెప్పేస్తాను."

"నాన్న కాదంటే నీకేమే? నీకు నచ్చాడుగా."

"నచ్చాడు. కానీ నాకు నచ్చిందంటే నాకే నమ్మకం కుదరదమ్మా. ఎప్పుడైనా కుదరనిచ్చారా?"

తల్లి కిటికీలోంచి బయటికి చూసింది. ముందు సీట్లో తీసెయ్యి మెడ కనిపిస్తోంది, చొక్కా కాలరు మీద మడతపడిన ముదురు చర్మం. ఆ మెడని చూస్తూ ఆమె దారంతా కూర్చుంది.

తోట దగ్గర దిగగానే తీసెయ్యి తల పైకెత్తి చూడటం మొదలుపెట్టాడు. కుడివైపు చూశాడు, ఎడమవైపు చూశాడు. నేల మీద, నల్ల ప్లాస్టిక్ పట్టా పరిచిన ఎత్తు మడులు కనుచూపుమేర బారులుగా ఉన్నాయి. మడుల మధ్య గడ్డి పరిచి ఉంది. మోకాలెత్తైనా లేని గుబురు మొక్కలు.

మనవరాలు అతని చెయ్యి లాగింది. "తాతయ్యా, స్ట్రాబెర్రీ చెట్లేవీ? నిచ్చెన వెయ్యాలన్నావుగా?"

ముప్పై మూడేళ్ళు. ఈ మనిషి ముప్పై మూడేళ్ళు ఆ పండుకి సంతలో దళారిలా వంకలు పెట్టాడు. అది కాసేది నేల మీద అని తెలియదు. పిల్లకి చెట్టు బొమ్మ కూడా వేసిచ్చాడు, పైన ఎర్రటి పళ్ళతో.

పెద్దల్లుడు పైకే చూస్తున్నాడు, ఎందుకైనా మంచిదని.

"ఇవి పిల్ల మొక్కలు" అన్నాడు తీసెయ్యి. "పెరుగుతాయి."

అక్కడే బుట్టలు పట్టుకుని నిలబడ్డ తోటాయన ఆ మాట విన్నాడు. నవ్వలేదు. అది ఇల్లాలు గమనించింది. నలభై ఏళ్ళుంటాయేమో, ఎండకి కమిలిన మొహం, మోకాళ్ళ దగ్గర మట్టి. నమస్కారం పెడితే ఆ రెండు వేళ్ళూ మిగతావాటితో కలవలేదు. తీసెయ్యి చూపు తిన్నగా అక్కడికే వెళ్ళింది. పట్టా మీద మచ్చపండు దగ్గర ఆగినట్టు ఆగింది.

"పండు పట్టుకుని లాగకండి" అని తోటాయన అందరికీ చూపించాడు. "నలిగిపోతుంది. పైన కాడని ఇలా గోటితో గిల్లాలి. తొడిమ పండుతోనే రావాలి. ఎర్రబడినవే కొయ్యండి, ఒకసారి కోశాక ఇంక పండదు అది."

"నాకు చెప్తున్నాడు" అన్నాడు తీసెయ్యి, అల్లుడితో.

"మీకే చెప్తున్నాడు మావయ్యా" అన్నాడు అల్లుడు, ఎవరి పక్షమో తెలియకుండా.

సాలు చివర బోర్లించిన చెక్కపెట్టె ఒకటి ఉంది. ఒక అడుగు ఎత్తుంటుంది. తీసెయ్యి వెళ్ళి దాని మీద కూర్చున్నాడు. టోపీ సర్దుకున్నాడు, ఒళ్ళో బుట్ట పెట్టుకున్నాడు. అంతే, అతను కోసే పని అయిపోయింది.

మిగతావాళ్ళు వంగారు. ఎండ వీపు మీద పడుతోంది, గడ్డి వాసన, మట్టి తడి. ఆకు తొలగిస్తే కింద వేడివేడిగా పండు. ఒక్క పండు కోయగానే మనవరాలు లేచి తాతయ్య దగ్గరికి పరిగెత్తింది. ఆ వెనక పెద్దమ్మాయి. ఆ వెనక అల్లుడు. ఎవరూ పిలవలేదు, ఎవరూ చెప్పలేదు. కోసినవి కోసినట్టు పట్టుకెళ్ళి చూపించడం, అతను తల అడ్డంగా ఊపడం, అతని కాళ్ళ పక్కన గడ్డిమీద పెట్టేయడం.

"తొడిమ పక్కన భుజం తెల్లగా ఉంది. తీసెయ్యి."

"మొన వంకర."

"గింజలన్నీ ఒకపక్కకి పోయాయి. చూడు, చూడు."

"ఇదైతే మరీ ఎర్రగా ఉంది. ఏం కలుపుతున్నారో నీళ్ళలో."

గంట గడిచేసరికి అతని బుట్ట కొత్తపెళ్ళికూతురిలా శుభ్రంగా ఉంది. కాళ్ళ పక్కన మాత్రం ఎర్రటి కుప్ప.

తోటాయన అటు వచ్చాడు. కుప్ప చూశాడు, కూర్చున్న మనిషిని చూశాడు. "పెద్దాయనా, కోసింది నేల మీద పెట్టకూడదండీ. ఈగలు పడతాయి, సాలంతా పాడైపోతుంది. అదుగో, బోర్డు కూడా ఉంది."

"చదివాను. కానీ ఇవి పనికిరానివి."

"పనికిరాకపోవడమేంటండీ, పొద్దున నేను తిన్నవి ఇవే. తినేయండి, ఏమీ కాదు."

"నేను తినను. ముప్పై మూడేళ్ళు స్ట్రాబెర్రీల మధ్యే ఉన్నాను. ఒక్కటి నోట్లో వేసుకోలేదు."

అందరూ ఆ మాటకి "అబ్బో" అంటారు. తోటాయన అనలేదు. నుదురు ముడిచి, నిజంగా తెలుసుకుందామన్నట్టు అడిగాడు.

"ఎందుకండీ?"

తీసెయ్యి టోపీ సర్దుకున్నాడు. ఆ ప్రశ్న అతన్ని ఎప్పుడూ ఎవరూ అడగలేదు. తోటాయన "నేల మీద మాత్రం వద్దండీ" అని చెప్పి పక్క సాలులోకి వెళ్ళిపోయాడు. అక్కడ చిన్నమ్మాయి కోస్తోంది. ఆమె బుట్ట నిండిపోయింది. ఆ ఉదయం ఆమె ఒక్క పండూ తండ్రికి చూపించలేదు. చూపించదలచుకున్నది ఒక్కటే ఉంది.

మధ్యాహ్నం రొట్టె, నాలుగు గుడ్లు ఆరుగురూ పంచుకున్నారు. అందరూ చేతులు కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి వెళ్ళినప్పుడు తీసెయ్యి ఇల్లాలి వైపు వంగాడు.

"వేళ్ళు చూశావా?"

"చూశాను."

"తీసెయ్యి."

ఆమె రొట్టె మూట కడుతోంది. ముడి వేయకుండా ఆగింది. "ఆ వేళ్ళు అలా అయ్యాకే మన పిల్ల చూసిందండీ అతన్ని."

"అదే చెప్తున్నాను. దానికి చూడటం రాదు. నీ పోలిక."

"మీరు ఇవాళ చెప్పకండి దానికి."

"ఎందుకు చెప్పను? సాయంత్రం బస్సులో చెప్తాను. ఎప్పుడు చెప్పినా అదే మాట."

అతను గోటి సందులోంచి గుడ్డు పెంకు తీసుకున్నాడు. ఆమె అతన్ని చూసింది. పై పెదవి మీద రొట్టె పొడి, చెవుల్లో నెరిసిన వెంట్రుకలు, జేబులో ఆదివారం కూడా తెచ్చుకున్న పుల్ల. ఒక అడుగు ఎత్తున కూర్చుని లోకాన్ని తీసేస్తున్న మనిషి. దించితే నేల మీద మరుగుజ్జు. తిడదామంటే నోరు రాలేదు, కోపం ఎక్కువై కాదు. చీపురుతో ఊడ్చాల్సినదాన్ని ఎవరు తిడతారు?

ఆమె లేచి సాలులోకి పోయి, అన్నిటికన్నా వంకరగా ఉన్న పండు వెతికింది. రెండు తలలు కలిసిపోయి, పక్కన పుండులా ముడుచుకున్నది దొరికింది. తిప్పి చూడకుండా నోట్లో పెట్టుకుంది. వేడిగా, పుల్లగా, ఆపైన తియ్యగా ఉంది. ఇన్నేళ్ళూ ఇంటికి అతను తెచ్చింది జామ్ సీసాలు, చొక్కా మీద మరకలు. పండు ఎప్పుడూ తేలేదు. చెయ్యి ఊరికే ఉండలేదు, ఇంకోటి కోసుకుంది.

అక్కణ్ణుంచి ఒకటి రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది. అతని మోచెయ్యి లేస్తోంది, దిగుతోంది. ఈగలు తోలుకుంటున్నాడనుకుంది. తర్వాత చూసినప్పుడు టోపీ మొహం మీదికి లాక్కుని గడ్డం ఛాతీకి ఆనించి ఉన్నాడు. తిన్నాక కునుకు అలవాటే. నిద్రలో కూడా మూతి ముడుచుకునే ఉంటాడు, కలల్లో కూడా ఏదో నచ్చనట్టు.

బస్సు వేళైంది. "తాతయ్యని లేపు" అని మనవరాలిని పంపబోయి, ఎందుకో మళ్ళీ ఆపి, ఇల్లాలే వెళ్ళింది.

"ఏవండీ. బస్సొస్తోంది."

భుజం మీద చెయ్యి వేసింది. భుజం ఒప్పుకోలేదు, కాదనలేదు. టోపీ జారి గడ్డి మీద పడింది. మొహం చల్లగా ఉంది. ఎండ ఇంకా అక్కడే ఉంది, అతను మాత్రం లేడు.

ఆమె అరవలేదు. అరిచింది పెద్దమ్మాయి, అతని చొక్కా చూసి. ఎడమవైపు, సరిగ్గా గుండె మీద, అరచేయంత ఎర్రటి తడి.

"నెత్తురు! నాన్నకి నెత్తురు!"

ఇల్లాలు వంగి వాసన చూసింది. ముప్పై ఆరేళ్ళు ఆ చొక్కాలు ఉతికిన మనిషికి తెలియనిదా ఆ మరక. "నెత్తురు కాదు, ఊరుకో" అంది. అప్పుడే కాళ్ళ పక్కకి చూసింది. కుప్ప లేదు. గడ్డి మీద ఒక్క పండు లేదు. ఒళ్ళో బుట్టలోనూ లేవు.

తోటాయన పరిగెత్తుకుంటూ వచ్చాడు. చెవి ఆనించి చూశాడు. తల అడ్డంగా ఊపాడు. అతన్ని రెండు చంకల కిందా పట్టుకుని లేపి, పరుపులా పరిచిన గడ్డి మీద పడుకోబెట్టాడు. వంగిపోయిన ఆ రెండు వేళ్ళూ చొక్కాకి కొక్కేల్లా పడ్డాయి. జారనివ్వలేదు. అల్లుడు కాళ్ళు పట్టుకోబోయి, ఏ కాలు ముందు పట్టుకోవాలో ఎవరినైనా అడుగుదామన్నట్టు చుట్టూ చూశాడు. ఇకమీద అతన్ని ఎవరు నడిపిస్తారో పాపం.

డాక్టరు కోసం కబురు వెళ్ళింది. పెద్దమ్మాయి పిల్లని దగ్గరికి తీసుకుని దూరంగా నిలబడింది. చిన్నమ్మాయి తండ్రి పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. చాలాసేపు అతని చెయ్యి పట్టుకుంది. తర్వాత తల ఎత్తకుండానే అడిగింది.

"అమ్మా. నాన్న నీతో ఏమైనా అన్నాడా? ఆయన గురించి."

ఆ మాట విన్నది ఇల్లాలు ఒక్కతే. సరేనన్నారని చెప్పొచ్చు, పోయినాయన లేచి కాదనడు. అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది. వచ్చి ఆగిపోయింది. బతికున్నన్నాళ్ళూ అతని మాటకి ఇంత విలువ ఇచ్చారు. చచ్చాక కూడా అతని నోట్లో ఒక మంచిమాట పెట్టి, దాని మీద ఈ పిల్ల బతకాలా?

ఆమె వంగి జేబులోకి చెయ్యి పెట్టింది. ముందు పుల్ల వచ్చింది, పక్కన పడేసింది. మళ్ళీ పెట్టి, గుప్పెడు తీసి, కూతురి ఎదురుగా అరచెయ్యి చాపింది. తొడిమలు. పచ్చటి, తడి తొడిమలు, నక్షత్రాల్లా విచ్చుకుని, మొదళ్ళలో పండు చీరుకుపోయిన ఎర్రటి పీచు. ఇంకో గుప్పెడు తీసింది. ఇంకా ఉన్నాయి. ఎవరూ చూడకుండా ఒక్కొక్కటే తిని, తొడిమ నేల మీద పడితే దొరికిపోతానని జేబులో దాచుకున్నాడు. భుజం తెల్లగా ఉన్నవి, మొన వంకరవి, గింజలు పక్కకి పోయినవి, అన్నీ.

"తీసెయ్యమన్నారే" అంది ఇల్లాలు. "నీతో అబద్ధం చెప్పను. వేళ్ళు బాలేవన్నారు. నోటితో ఏమన్నారో అది. అదే నోట్లో ఏం పెట్టుకున్నారో ఇది. ఆ మనిషి పెంచిన పళ్ళే. మీ నాన్నకి ఏది మంచిదో ఏనాడూ తెలియదమ్మా. తెలిసిన ఒక్కరోజు సిగ్గుపడి దాచుకున్నాడు. ఇంక నువ్వు చూసుకో."

చిన్నమ్మాయి ఆ తొడిమల వంక చూసింది. తర్వాత ఏడుపులో నవ్వు వచ్చింది, ఆపుకోలేక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ముప్పై మూడేళ్ళు, అమ్మా" అంది. "ఒక్కటి నోట్లో వేసుకోలేదు."

"అబ్బో" అంది తల్లి.

తోటాయన కొంచెం దూరంలో తన టోపీ చేతుల్లో పట్టుకుని నిలబడ్డాడు, పోవాలో ఉండాలో తెలియక. చిన్నమ్మాయి లేచి, మోకాళ్ళ మీది గడ్డి దులుపుకుని, అతని దగ్గరికి నడిచింది. వెనక్కి తిరిగి తండ్రి వంక చూడలేదు. ఎవరికీ ఏదీ చూపించి అడగకుండా ఆమె వేసిన మొదటి పది అడుగులు అవి. ఆమె ఆ ఎడమచెయ్యి పట్టుకుంది.

గుండె ఆగి పోయాడని డాక్టరు రాసిచ్చాడు. ఫ్యాక్టరీవాళ్ళు ఒక పూల చక్రం పంపించారు. ఆ పీట మీద మర్నాడే ఇంకొకరిని కూర్చోబెట్టారట. పట్టా ఒక్కపూట కూడా ఆగలేదట.

అతని బట్టలన్నీ ఉతికి, మడతపెట్టి, అడిగినవాళ్ళకి ఇచ్చేసింది ఇల్లాలు. ఆ ఒక్క చొక్కాకి మాత్రం సబ్బు పెట్టలేదు. అది తలుపు వెనక కొక్కేనికి వేలాడుతోంది. జేబు మీది ఎరుపు ఎండి, గోధుమరంగుకి తిరిగింది. జేబు అడుగున, కుట్టులో ఇరుక్కుని, చెయ్యి పెట్టినప్పుడల్లా వేలికి గుచ్చుకుంటూ, ఎండిపోయిన తొడిమ ఒకటి.

ఇట్లు,
ఇల్లాలు,
అరవై ఆరేళ్ళు.
ఇప్పుడు ఉంటున్నది చిన్నమ్మాయి, తోటాయనల ఇంట్లో, సాళ్ళ పక్క గదిలో.